ముందు పాయింట్లు చూడరా

కార్బేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె ఫ్లోటు చాంబరు. దాని మూత లేవగానే గుప్పుమని కొట్టింది వాసన. పెట్రోలంతా ఎప్పుడో ఆవిరైపోయి, అడుగున చిక్కబడిన జిగురు వాసన. పాత వార్నిషు డబ్బా మూత ఊడదీస్తే అచ్చం ఇలాగే ఉంటుంది.

తెనాలి దగ్గర ఓ పల్లె. ధాన్యం బస్తాలు వేసుకునే కొట్టం. పట్టా కింద, చక్రాల్లో గాలి లేక కూలబడిన ప్రీమియర్ పద్మిని. ఇంటి పెద్దాయన ఉన్నన్నాళ్లూ వారానికోసారి స్టార్టు చేసి చెరువు దాకా తిప్పుకొచ్చేవారు. ఆయన పోయి నాలుగేళ్లు. ఆ తర్వాత ఎవరూ తాళం తిప్పలేదు. ఈ ఏడు ఆబ్దికానికి పిల్లలంతా వస్తున్నారు, అప్పటికి బండి కదిలితే బాగుంటుందని ఇంట్లోవాళ్ల ఆశ. వాళ్లబ్బాయి అప్పటికే ఎవరినో అడిగేశాడు. "కార్బేటర్ పోయిందట మావయ్యా. అసలుది దొరకదట. వేరే బండిది తగిలించేద్దామంటున్నారు."

గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి అందించే భాగం అది. రాతలో దాని పేరు కార్బొరేటర్. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఆ మాట ఎవరి నోటా వినలేదు. కార్బేటరే. ఆ వాసనతో పాటు ఆ షెడ్డు కూడా లేచి వచ్చింది.

*

విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. మట్టి నేల ఏళ్ల తరబడి ఆయిలు తాగి తారు రోడ్డులా గట్టిపడిపోయింది. చుట్టుపక్కలంతా లారీ బాడీలు కట్టే సుత్తుల మోత. ఆ మోతలో కూడా పెద్ద మేస్త్రీకి అంబాసిడర్ ఇంజను చప్పుడు విడిగా వినపడేది. బండి గేటు దగ్గరుండగానే తల ఎత్తకుండా "ఒక ప్లగ్గు ఎగ్గొడుతోంది" అనేవాడు.

వచ్చిన డ్రైవర్లందరిదీ ఒకటే పాట. పికప్ లేదు, ఎత్తు ఎక్కడం లేదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, కార్బేటర్ విప్పండి మేస్త్రీగారూ. ఆయన డ్రైవరుకి జవాబిచ్చేవాడు కాదు. కుర్రాడి వైపు తిరిగి, "ముందు పాయింట్లు చూడరా" అనేవాడు.

కార్బేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండేది. పాయింట్లు ఉండేది అక్కడే, అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. అంబాసిడర్‌లో పాయింట్ల గ్యాపు 15 థౌ, ప్లగ్గుల గ్యాపు 25 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పాయింటుకి ఉండే ఫైబరు మడమ క్యామ్ మీద రాసుకుని రాసుకుని అరుగుతుంది. అది అరిగేకొద్దీ గ్యాపు మూసుకుపోతుంది, నిప్పురవ్వ టైమింగ్ వెనక్కి పోతుంది, ఇంజను వేడెక్కుతుంది, లాగడం మానేస్తుంది. ఇదంతా నెలల మీద మెల్లగా జరుగుతుంది కాబట్టి డ్రైవరుకి తెలియదు. చివరికి ఒక రోజు నింద కార్బేటర్ మీద పడుతుంది.

దోషం కరెంటుదా పెట్రోలుదా అని తేల్చడానికి షెడ్డులో ఒక కిటుకు ఉండేది. కార్బేటర్‌లోంచి టప్ టప్‌మని వెనక్కి పేలుతుంటే, బండి నడుస్తుండగానే, పెట్రోలు పాలు పెంచే చోక్ కాస్త లాగి చూడాలి. పేలడం ఆగి ఇంజను కుదుటపడితే పెట్రోలు చాలడం లేదన్నమాట, అప్పుడు కార్బేటర్ దగ్గరికి పోవచ్చు. ఏ మార్పూ లేకపోతే పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గు వైర్లు చూసుకోవాలి. అర నిమిషం పని. దానివల్ల ఎన్ని కార్బేటర్లు పానా తగలకుండా బయటపడ్డాయో.

తర్వాత ప్లగ్గులు విప్పి వరసగా బెంచీ మీద పెట్టేవాళ్లు. మొన పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. నాలుగూ ఒకే రంగులో ఉంటే కార్బేటర్‌ని అనుమానించొచ్చు. ఒక్కటే తేడాగా ఉంటే అనుమానం ఆ సిలిండరు మీదికి పోవాలి, ఎందుకంటే కార్బేటర్ నాలుగింటికీ ఒకే చేత్తో వడ్డిస్తుంది.

చివరగా పంపు. కార్బేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి, కొస సీసాలో పెట్టి, హ్యాండిల్‌తో ఇంజను తిప్పాలి. రెండు చుట్లకి ఒకసారి గట్టిగా చిమ్మాలి. చిమ్మకుండా నీరసంగా కారితే పంపు డయాఫ్రం పోయినట్టు. ఇవన్నీ అయ్యాకే మేస్త్రీ బీడీ పారేసి, చేతులు తుడుచుకుని "విప్పు" అనేవాడు.

*

పద్మినికి ఉండేది సోలెక్స్ 32 కార్బేటర్, గాలిని పైనుంచి కిందికి పీల్చే రకం. ఫియట్ 1100కి వచ్చిన అదే 1089 సీసీ ఇంజను, అదే కార్బేటర్. 1974లో బండికి పద్మిని అని పేరు పెట్టినా బానెట్ కింద పెద్దగా మారిందేమీ లేదు.

విప్పడానికి ముందు బయటంతా కిరసనాయిలు, బ్రష్షుతో కడగడం తప్పనిసరి. ఈ పని మా కుర్రాళ్లకి పరమ చిరాకు, కానీ దీన్ని ఎగ్గొడితే మట్టి మొత్తం లోపలికే పోతుంది. ఎయిర్ ఫిల్టరు తీయగానే ఇన్‌టేక్ నోట్లో గుడ్డ కుక్కాలి. యాక్సిలరేటర్ రాడ్డు, చోక్ కేబులు, పెట్రోలు పైపు, డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్‌కి పోయే సన్నపైపు విడదీసి, అడుగు నట్లు రెండూ తీస్తే కార్బేటర్ చేతిలోకి వస్తుంది. కింద ఉండే ఫైబరు దిమ్మని పారేయకూడదు. ఇంజను వేడి కార్బేటర్‌కి ఎక్కకుండా అడ్డేది అదే. దాన్ని తీసేసి పల్చటి ప్యాకింగ్ ఒక్కటే పెట్టి బిగించిన బండ్లు వేసవిలో మళ్లీ మా గుమ్మం ముందుకే వచ్చేవి.

షెడ్డులో ఇందుకోసమే ఒక స్టీలు పళ్లెం ఉండేది. అన్నం పళ్లేలతో కలవకుండా దాని అంచుకి చిల్లు పొడిచి పెట్టారు. విప్పిన వరసలోనే భాగాలన్నీ ఆ పళ్లెంలో గుండ్రంగా పేర్చాలి: మూత స్క్రూలు, నీడిల్ వాల్వు, దాని కింద ఎర్ర ఫైబరు వాషరు, ఫ్లోటు, ఫ్లోటు పిన్ను, మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు, ఎయిర్ కరెక్షన్ జెట్టు, దాని కింది ఎమల్షన్ గొట్టం, పంపు డయాఫ్రం, స్ప్రింగు. బిగించేటప్పుడు పళ్లెం చివరినుంచి వెనక్కి వస్తే సరి. పక్కనుంచి ఎవరైనా కాలితో తన్నితే మాత్రం ఆ రోజు ఎవరికీ టీ ఉండదు.

లోపల కనిపించే దాన్నిబట్టే సగం కథ తెలిసిపోతుంది. అడుగున ఎర్రటి మన్ను ఉంటే ట్యాంకు తుప్పు. పిండిలా తెల్లటి పొడి ఉంటే పెట్రోల్లో నీళ్లు చేరి కార్బేటర్ లోహాన్నే తినేస్తున్నాయి. పసుపుపచ్చ జిగురు ఉంటే బండి చాలాకాలం నిలబడిపోయింది. ఆ రోజుల్లో కిరసనాయిలు కలిపిన పెట్రోలు కూడా వచ్చేది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు మరక లేకుండా ఎగిరిపోతుంది, కల్తీది జిడ్డు మరక వదులుతుంది. మేస్త్రీ జేబులో ఎప్పుడూ క్యాలెండరు కాగితం ముక్కలు ఉండేవి.

*

జెట్టు అంటే పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న చిన్న ముక్క. అందులో తీగ పెట్టి పొడిచినవాడికి మా షెడ్డులో ఆ పూట చీవాట్లే. క్లచ్చి కేబులు పోగు ఒకటి తెంపి జెట్టులో తిప్పడం చాలామందికి అలవాటు. జెట్టు ఇత్తడిది, తీగ ఉక్కుది. జెట్టు మీద ఉండే అంకె దాని రంధ్రం సైజు, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 120 అంటే 1.20 మి.మీ. దాన్ని గీకి గీకి 125 చేశారనుకోండి, కంటికి ఏ తేడా కనపడదు, కానీ పెట్రోలు పోయే దారి నూటికి ఎనిమిది పాళ్లు పెరిగిపోతుంది. జెట్టు మీద 120 అనే ఉంటుంది, బండి 125 లెక్కన తాగుతుంది. అలాంటి జెట్టుని కనిపెట్టడం కంటే కొత్తది వేయడం సులువు.

జెట్టుని పెట్రోల్లో రాత్రంతా నానబెట్టి, నైలాన్ బ్రష్షు కుచ్చుతోనో చీపురు పుల్ల మొనతోనో తోసి, గాలి కొట్టి, వెలుతురు వైపు పెట్టి చూసుకోవాలి. రంధ్రం అంచు చంద్రబింబంలా గుండ్రంగా కనపడాలి. కంప్రెసరు లేని రోజుల్లో సైకిలు పంపుతో గాలి కొట్టేవాళ్లు. ఇప్పుడు కార్బేటర్ క్లీనర్ స్ప్రే డబ్బాలు వచ్చాయి, జిగురుకి అవే మేలు. కాకపోతే డయాఫ్రం, రబ్బరు వాషర్లు అన్నీ తీసేశాకే కొట్టాలి, లేకపోతే అవి ఉబ్బి పాడవుతాయి. కంటికి తగిలితే మరీ ప్రమాదం, అద్దాలు పెట్టుకోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త. మూత బిగించి ఉండగా పెట్రోలు వచ్చే దారిలోంచి గాలి కొట్టకూడదు. ఇత్తడి ఫ్లోటయితే ఆ దెబ్బకి సొట్టపోతుంది.

ఫ్లోటు పెట్రోలు మీద తేలే డొల్ల, మట్టం పెరిగితే అది లేచి నీడిల్ వాల్వుని మూస్తుంది. దాన్ని చెవి దగ్గర ఊపి చూడటం మొదటి పని. లోపల గలగలమంటే పెట్రోలు చేరినట్టు. ఎక్కడ కారుతోందో తెలియాలంటే వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి చిల్లు దగ్గర బుడగలొస్తాయి. అక్కడ టంకం పెట్టొచ్చు కానీ చుక్క ఎక్కువైతే ఫ్లోటు బరువెక్కుతుంది, పెట్రోలు మట్టం పెరుగుతుంది, కార్బేటర్ పొర్లుతుంది. నీడిల్ వాల్వు మొన మీద గోటితో రాస్తే చిన్న గాడి తగిలితే, దాన్ని రుద్ది లాభం లేదు, సీటుతో సహా జత మార్చాల్సిందే. సోలెక్స్‌లో పెట్రోలు మట్టాన్ని నిర్ణయించేది ఆ వాల్వు కింది ఫైబరు వాషరు మందమే. మందపాటి వాషరు వేస్తే వాల్వు కిందికి దిగి తొందరగా మూసుకుంటుంది, మట్టం తగ్గుతుంది. పల్చటిది వేస్తే పెరుగుతుంది. పాత వాషరు పోయిందని చేతికందిన రాగి వాషరు వేసి బిగించి, వారం రోజులు జెట్లతో కుస్తీ పట్టినవాళ్లను చూశాం.

పంపు డయాఫ్రం సంగతి చెప్పాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే గాలి వెంటనే వచ్చేస్తుంది, పెట్రోలు కాస్త వెనకబడుతుంది. ఆ లోటు తీర్చడానికి ఈ పంపు ఒక చిమ్ము చిమ్ముతుంది. డయాఫ్రం గట్టిపడినా చిరిగినా బండి గేరు మార్చిన ప్రతిసారీ ఒక గుటక మింగి అప్పుడు కదులుతుంది. పైనుంచి గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్, అంటే గాలి దారి తెరిచి మూసే రేకు, తిప్పితే, సన్నగా తెగకుండా తీగలా పడాలి. ఇంజను ఆపి చేయాల్సిన పరీక్ష ఇది. బీడీ నోట్లో పెట్టుకుని అసలే చేయకూడదు. డయాఫ్రం బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ వదులుగా పట్టించి, లివరు పూర్తిగా లోపలికి నొక్కి పట్టుకుని అప్పుడు బిగించాలి. అలా చేయకపోతే బట్ట లాగుకుపోయి నెల తిరక్కుండా చిరుగుతుంది. పంపు దారిలోని చిన్న వాల్వుని విప్పి ఊపితే లోపలి బంతి టిక్కుమనాలి. ఉలుకూ పలుకూ లేకపోతే జిగురు పట్టేసినట్టు.

ప్యాకింగులు అప్పట్లో చేత్తోనే కోసేవాళ్లు. షీటుని ఆ భాగం మీద పరిచి, చిన్న గుండు సుత్తితో అంచుల వెంబడి మెల్లగా తట్టుకుంటూ పోతే, కాగితం ఆ అంచుకే తెగుతుంది. బోల్టు కన్నాలకి సుత్తి గుండు వైపు. ఆ చప్పుడు ఎవరో దూరంగా వడ్లు దంచుతున్నట్టు ఉండేది. ఒకే ఒక్క నియమం: కార్బేటర్ ప్యాకింగులకి జిగురు మందు పూయకూడదు. బయటికి వచ్చిన తునక విరిగి నేరుగా జెట్టులోకి పోతుంది.

*

ఇంతవరకూ చెప్పినదంతా మురికి సంగతి. మురికి పోతుంది. అరుగుదలే అసలు శత్రువు, అది కంటికి కనపడదు.

అన్నీ కడిగి, కొత్త కిట్టు వేసి బిగించినా కొన్ని బండ్లకి ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడవడం, నిలబడేది కాదు. తగ్గిస్తే ఆగిపోతుంది, పెంచితే రయ్యిమని ఉరుకుతుంది. కుర్రాళ్లు పెట్రోలు, గాలి పాళ్లు సర్దే మిక్చరు స్క్రూ తిప్పి తిప్పి అలిసిపోయేవాళ్లు. అప్పుడు మేస్త్రీ లేచి, పొడుగు ముక్కు ఆయిలు డబ్బా తీసుకుని వచ్చేవాడు. ఇంజను నడుస్తుండగా థ్రాటిల్ షాఫ్టు కొస మీద, అది బాడీలోకి దూరే చోట, సరిగ్గా రెండు చుక్కలు. ఆ చుక్కలు బుడగ కట్టి, ఒక్క క్షణం అలాగే నిలిచి, సర్రున లోపలికి పోయేవి. అవి లోపలికి పోయిన వెంటనే ఇంజను చప్పుడు మారేది, ఎగుడుదిగుడుగా కొట్టుకుంటున్నది కాసేపు మెత్తగా నడిచేది. మళ్లీ పది సెకన్లకి మొదటికి వచ్చేది. అంతే, షాఫ్టు అరిగింది, అక్కడినుంచి లెక్కలో లేని గాలి పీలుస్తోంది.

ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లే గాలే చాలా తక్కువ. దానికి వెంట్రుక మందం సందులోంచి దొంగగాలి తోడైతే మొత్తం లెక్క తప్పుతుంది. అదే సందు అరవై మీద పోతున్నప్పుడు ఏ లెక్కలోకీ రాదు. అందుకే ఈ జబ్బున్న బండి రోడ్డు మీద బాగా పోతుంది, సిగ్నల్ దగ్గర చస్తుంది.

దీనికి మందు లేత్ దగ్గరే ఉంది. థ్రాటిల్ సీతాకోక రేకుని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూల కొసలు వెనకవైపు కొట్టి వెడల్పు చేసి ఉంటాయి. వాటిని ముందు ఆకురాయితో రుద్దకుండా తిప్పితే షాఫ్టులో మర పోతుంది. రేకు అంచులు ఏటవాలుగా ఉంటాయి, ఏ వైపు ఏది పైకో గీత గీసుకోవాలి. బాడీ కన్నాలు పెద్దవి చేసి కంచు బుష్షులు దించి, రెండిట్లోకీ ఒకేసారి, కన్నాన్ని సరైన సైజుకి నునుపు చేసే రీమరు వేయాలి. విడివిడిగా వేస్తే షాఫ్టు బిగుసుకుంటుంది. తిరిగి బిగించాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని థ్రాటిల్ మూస్తే చుట్టూ ఎక్కడా వెలుగు గీత కనపడకూడదు. స్క్రూల కొసలు మళ్లీ కొట్టడం మర్చిపోతే ఏదో ఒక రోజు అవి ఊడి ఇంజన్లోకి పోతాయి. ఆ తర్వాత కార్బేటర్ గురించి ఆలోచించే పని ఉండదు.

దొంగగాలి దూరే రెండో దారి అడుగు ఫ్లాంజి. కారుతోందని నట్లు బలంగా బిగిస్తే ఫ్లాంజి చెవులు కిందికి వంగి మధ్యలో లేస్తుంది, ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తారు. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూసి, రెండు థౌ రేకు దూరితే చదును చేయాల్సిందే. మందపాటి అద్దం ముక్క మీద జీరో పేపరు పరిచి, కాస్త కిరసనాయిలు వేసి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దాలి. బిగించేటప్పుడు ఇటో పావు చుట్టు, అటో పావు చుట్టు.

*

పాత అంబాసిడర్లలో ఎస్‌యూ కార్బేటర్ ఉండేది, ఆ తర్వాత సోలెక్సే వచ్చింది. మేస్త్రీకి ఎస్‌యూ అంటే ప్రాణం. జెట్లు మార్చే గొడవ లేదు. ఉన్నది ఒక జెట్టు, అందులో ఒక సూది, ఆ సూదిని ఎత్తిదించే పిస్టను. గాలి ఎంత లాగితే పిస్టను అంత లేస్తుంది. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరుల తయారీ, 1910లో కంపెనీ అయింది. వాళ్ల కుటుంబానిది చెప్పుల వ్యాపారం, అందుకేనేమో మొదట్లో పిస్టను బదులు తోలు తిత్తి పెట్టారు. కొలిమి తిత్తిలాంటిదే. ఇది విన్నప్పుడు మేస్త్రీ చాలాసేపు నవ్వాడు.

దీని పరీక్ష చెవితోనే. పిస్టను వేలితో ఎత్తి వదిలితే టక్‌మని లోహం మీద లోహం పడ్డ చప్పుడు రావాలి. మెత్తగా దిగితే సూది జెట్టు గోడకి రాసుకుంటోంది, జెట్టుని మధ్యకి సర్దాలి. పైన ఇత్తడి మూత విప్పి, బోలు దండు అంచు పైన అర అంగుళం దాకా 20 నంబరు ఆయిలు పోయాలి. అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టను ఎగిరిపడి బండి తడబడుతుంది. పిస్టను, దాని గిన్నె ఒకదానికొకటి జత. ఇంకోదాని గిన్నె తెచ్చి పెట్టినా, మెరవాలని జీరో పేపరుతో రుద్దినా దాని పని అయిపోయినట్టే. గుడ్డ, పెట్రోలు, అంతే.

మిక్చరుకి కింద ఆరు పలకల నట్టు. పూర్తిగా పైకి బిగించి, అక్కడినుంచి పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు కిందికి దించితే మొదటి సెట్టింగు. ఇంజను వేడెక్కాక పిస్టనుని ఒక మిల్లీమీటరు కూడా కాదు, కొంచెం తక్కువగా ఎత్తాలి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు.

*

ఎండాకాలం పని వేరు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బండి దారిలో ఆగిపోతే అది చాలాసార్లు వేపర్ లాకే. పైపులో పెట్రోలు ఆవిరై బుడగ కడితే పంపు ఆ ఆవిరినే నమిలి ఊరుకుంటుంది. డ్రైవర్లు సీటు కింద ఒక గుడ్డ, నీళ్ల సీసా పెట్టుకునేవాళ్లు. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే బండి లేచేది. ఇంకో రకం: వేడి బండి ఆపి టీ తాగి వచ్చేసరికి స్టార్టు కాదు. అప్పుడు చాంబరులో పెట్రోలు ఉడికి పొర్లి ఇంజన్లోకి కారి ఉంటుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. తొక్కుతూ వదులుతూ కూర్చుంటే పంపు ఇంకా పోస్తుంది.

తిరుపతి ప్రయాణం పెట్టుకున్నవాళ్లంతా ముందు రోజు ట్యూనింగుకి వచ్చేవాళ్లు, ఘాట్ రోడ్డు మీద పరువు పోకూడదని. ట్యూనింగు అయ్యాక సీసా టెస్టు. పావు లీటరు సీసా బానెట్ కింద వేలాడదీసి, దాంట్లోంచి పంపుకి ట్యూబు పెట్టి, బందరు రోడ్డు మీద బండి ఆగేదాకా నడపడం, కిలోమీటర్లని నాలుగుతో గుణించడం. ప్రమాదకరమైన పనే. అయినా ఓనరు కళ్ల ముందు లెక్క తేలేది కాబట్టి మైలేజీ మీద ఎవరూ పేచీ పెట్టేవాళ్లు కాదు.

*

కొట్టంలోని పద్మిని సోలెక్స్ రెండు రోజులు క్లీనర్‌లో నానింది. వేరే బండి కార్బేటర్ మాట నేను ఒప్పుకోలేదు. వాళ్లు తగిలించాలనుకున్నది చిన్న బండిది. చిన్న ఇంజనుకి కోసిన గొంతు, చిన్న ఇంజనుకి కొట్టిన జెట్లు. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది, రోడ్డెక్కితే ఊపిరాడదు. కొత్త డయాఫ్రం, కొత్త నీడిల్ వాల్వు వేశాం. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కదా, పాత రబ్బరు ట్యూబులన్నీ మార్చాం. దానికి మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాల్సి రావచ్చు, ఎందుకంటే ఆ పెట్రోలుకి గాలి నూటికి ఎనిమిది పాళ్లు తక్కువ చాలు. ప్లగ్గుల రంగు తెల్లబడితే అప్పుడు చూసుకుందామని పాతదే ఉంచాం. ప్లగ్గు కన్నాల్లో తలా ఒక చెంచా ఇంజనాయిలు పోసి చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ట్యాంకు జోలికి పోకుండా సీసాలోంచే పెట్రోలు ఇచ్చాం. మిక్చరు స్క్రూ మెల్లగా ముట్టుకునేదాకా బిగించి చుట్టున్నర వెనక్కి తిప్పి పెట్టాం.

సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. గొంతులో పెట్రోలు తీగలా పడుతోంది. పది నిమిషాలు అలాగే కొట్టాక డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. పాయింట్ల మీద నాలుగేళ్ల బూడిద రంగు పొర. మొట్టమొదట చూడాల్సిన చోటు అది. పెట్రోల్లో ముంచిన అట్టముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే పోయింది.

రెండో సెల్ఫ్‌కే అందుకుంది. వేడెక్కనిచ్చి చోక్ పూర్తిగా లోపలికి తోశాక కూడా ఇంజను నిమిషానికి తొమ్మిది వందల చుట్లకి కిందికి దిగనంది. ఆయిలు డబ్బా తెమ్మన్నాను. షాఫ్టు కొస మీద రెండు చుక్కలు వేస్తే సర్రున లోపలికి పోయాయి, చప్పుడు మెత్తబడింది, మళ్లీ మొదటికొచ్చింది. బుష్షులు వేయించాలి. ఆబ్దికం అయ్యాక బాడీ విప్పి బెజవాడ పంపిస్తానని, అప్పటిదాకా తొమ్మిది వందల మీదే ఉండనివ్వమని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. అవతల సెల్ఫ్ చప్పుడు వినపడుతోంది. "అంటుకుని ఆగిపోతోంది మావయ్యా, యాక్సిలరేటర్ తొక్కనా?"

"చోక్ లాగి ఉందా?"

"ఉంది."

"అయితే కాలు పక్కకి పెట్టు. థ్రాటిల్ మూసి ఉంటేనే ఆ చోక్ పెట్రోలు లాగుతుంది. తొక్కితే దాని దారి నువ్వే మూసినట్టు."

కాసేపటికి ఇంజను అందుకున్న చప్పుడు, దాని మీద ఎవరో చిన్నపిల్లలు కేకలు వేస్తున్న చప్పుడు, ఫోను పెట్టేశాడు.